మట్టిపావురముల క్రీడకు తగిన కండ్లజోడు

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. చేతికి దెబ్బ తగిలినచో మానును. ఎముక విఱిగినచో అతుకును. కనుగ్రుడ్డు చినిగిన పిమ్మట మాత్రము ఎంతటి వైద్యుడైనను మునుపటి చూపును మరల తెచ్చి యిచ్చుట దుర్లభము. ఒలింపిక్ క్రీడల దృశ్యములను చూచిన బాలబాలికలు తఱచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. తుపాకి చేతబట్టి ఎగురు బిళ్లలను పగులగొట్టు క్రీడాకారులు పసుపు, నారింజ, ఊదారంగుల అద్దములను ఏల ధరింతురు? అవి అలంకారములా, అవసరములా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా యుద్దేశము. అవి అవసరములే. కాని రంగు ఆ యవసరములో కడపటి భాగము. మొదటి భాగము గట్టిదనము. రెండవ భాగము అమరిక. ఈ రెండింటిని విడిచి రంగును మాత్రము చూచి కొన్నవాడు డబ్బు పోగొట్టుకొనుటయే గాక కంటిని కూడ అపాయమునకు లోబఱచును.

క్రీడ యెట్టిది

అద్దములను గూర్చి చెప్పుటకు ముందు క్రీడను గూర్చి కొంత తెలిసికొనవలయును. పూర్వము పాశ్చాత్య దేశములలో పెట్టెలలో నుంచిన సజీవములైన పావురములను ఎగురవిడిచి, వాటిని కాల్చుట వినోదముగా నుండెడిది. 1900 సంవత్సరమున పారిస్ నగరములో ఒలింపిక్ క్రీడలతో పాటు జరిగిన పోటీలలో గూడ జీవముగల పావురములను కొట్టిరి. అంతకు ముందే అమెరికాలో కొందఱు పక్షులకు బదులుగా గాజు గోళములను యంత్రముతో ఎగురవేయుట మొదలుపెట్టిరి. 1880లో సిన్సినాటి నగరవాసియగు జార్జ్ లిగోస్కీ అను నతడు కాల్చిన మట్టితో పళ్లెము వంటి బిళ్లను చేసి దానికి పేటెంటు పొందెను. నాటినుండి ఆ బిళ్లకు మట్టిపావురమను పేరు నిలిచినది. నేడు ఆ బిళ్లలో మట్టి లేదు. సున్నపురాతి పొడిని కీలువంటి బంకపదార్థముతో కలిపి అచ్చుపోయుదురు. అంతర్జాతీయ పోటీలలో వాడు బిళ్ల వ్యాసము 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. చేతితో విఱిచిన అప్పడమువలె పెళుసుగా విఱుగును; విఱిగిన అంచు మాత్రము మిక్కిలి పదునుగా నుండును.

ఈ క్రీడలో ముఖ్యమైన పద్ధతులు రెండు. ట్రాప్ అను పద్ధతిలో క్రీడాకారునికి 15 మీటర్ల ముందు గోతిలో నున్న యంత్రములు బిళ్లను అతనికి దూరముగా విసరును. ఏ దిక్కునకు పోవునో ముందుగా తెలియదు. అడ్డు లేనిచో అది సుమారు 76 మీటర్ల దూరము పోయి పడును. స్కీట్ అను పద్ధతిలో ఎత్తైన గూడునుండి యొకటి, పొట్టి గూడునుండి యొకటి, బిళ్లలు ఎదురెదురుగా అడ్డముగా పోవును; క్రీడాకారుడు అర్ధచంద్రాకారముగా నున్న ఎనిమిది తావులనుండి వాటిని కొట్టవలయును. స్కీట్ 1968లో మెక్సికో నగరమున ఒలింపిక్ క్రీడలలో చేరినది. 1992లో బార్సిలోనాలో స్త్రీపురుషులు కలిసి పోటీ చేసిన స్కీట్‌లో చైనా దేశపు వనిత జాంగ్ షాన్ స్వర్ణపతకము గెలిచెను.

మన దేశమునకును ఈ క్రీడలో మంచి పేరు కలదు. బికనీరు మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరో నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో ట్రాప్‌లో రజతపతకము పొందెను. 2004లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజతపతకము గెలిచెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ట్రాప్ జట్టుపోటీలో మనవారు స్వర్ణపతకము గెలిచిరి. ఆ జట్టులోని హైదరాబాదు వాస్తవ్యుడు కైనన్ చెనాయ్ వ్యక్తిగతముగా కాంస్యపతకమును గూడ పొందెను. కావున ఈ క్రీడ మనకు పరాయిది కాదు.

కంటికి గల అపాయము

కంటికి అపాయము ఎక్కడినుండి వచ్చును? బిళ్ల పగిలినప్పుడు ముక్కలు నలుదెసలకు చెదరును. స్కీట్ యందలి యెనిమిదవ తావున నిలిచినవానికి బిళ్ల ఎదురుగా వచ్చి దాదాపు నెత్తిమీదనే పగులును. ఆ ముక్కలు అతనిపై రాలుట సామాన్యము. ఒక తూటాలో 24 గ్రాముల మేరకు చిన్నగుండ్లుండును. అవి రెండు వందలకు పైబడి యుండును. వాటిలో నొకటి గట్టి వస్తువునకు తగిలి వెనుకకు మరలి రావచ్చును. ప్రక్కవాని తుపాకినుండి ఎగిరి వచ్చు ఖాళీ తూటా తొడుగు, కాలని మందు రేణువులు, ఎదురుగాలికి లేచు దుమ్ము, వీనికి తోడు తలయెత్తి ఆకసమును చూచువాని కంట పడు సూర్యకాంతి, ఇవి యన్నియు కంటికి శత్రువులే. అందుచేతనే కాల్చువారు మాత్రమే గాక, వారి దగ్గఱ నిలిచి లెక్క వ్రాయువారును, చూడవచ్చినవారును కండ్లజోడు ధరించుట అన్ని చోట్లను మంచి నియమముగా నెంచబడుచున్నది.

మొదటి గుణము: గట్టిదనము

పూర్వము ఈ పనికి గాజు అద్దములనే వాడిరి. గాజు గీతలు పడక స్వచ్ఛముగా నుండును గాని, బలమైన దెబ్బకు పగిలి, ఆ పెంకులే కంటిలో గ్రుచ్చుకొనును. కాపాడవలసిన వస్తువే అపకారియగును. 1953లో జర్మనీ దేశమున హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్, ఒకరి పరిశోధన నింకొకరు ఎఱుగకయే, పాలీకార్బొనేటు అను పదార్థమును కనుగొనిరి. ఇది పారదర్శకమైనను పెళుసు కాదు; దెబ్బ తగిలినప్పుడు కొంచెము వంగి ఆ బలమును తనలో నిముడ్చుకొనును. అంతేగాక సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను దాదాపుగా అన్నిటిని ఆపివేయును. రంగులేని పాలీకార్బొనేటు అద్దము సైతము ఈ కిరణములను ఆపును. ఈ కాపుదలకు నల్లరంగుతో పనిలేదు.

పేరు పాలీకార్బొనేటు అయినంత మాత్రమున చాలదు. అద్దముపైనను చట్రముపైనను పరీక్ష గుఱుతు ఉన్నదా యని చూడవలయును. అమెరికా దేశపు ప్రమాణము ప్రకారము ‘జెడ్ 87+’ అను గుఱుతు పొందుటకు, అద్దము 6.35 మిల్లీమీటర్ల ఉక్కుగుండును సెకనుకు సుమారు 45 మీటర్ల వేగముతో, అనగా గంటకు 160 కిలోమీటర్లకు పైబడిన వేగముతో కొట్టినను ఓర్చుకొనవలయును. 500 గ్రాముల బరువుగల మొనదేలిన వస్తువును 127 సెంటీమీటర్ల ఎత్తునుండి జాఱవిడిచినను పగులరాదు. ఐరోపాలో ‘ఈ.ఎన్. 166’ అను ప్రమాణము క్రింద ‘ఎఫ్’ అను అక్షరము వేయుట ఇట్టి పరీక్షకే గుఱుతు. ఈ గుఱుతులేని అద్దము ఎంత సొగసుగా నున్నను తుపాకి మైదానమునకు పనికిరాదు. బజారులో దొరకు చలువ అద్దములు వీధిలో నడచుటకే గాని ఇందునకు కావు.

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ పరీక్షలు పగిలిన ముక్కలకును, మరలి వచ్చు గుండుకును సంబంధించినవి. తుపాకి గొట్టము వెడలు చిన్నగుండ్ల వేగము సెకనుకు సుమారు 400 మీటర్లు. దగ్గఱనుండి తిన్నగా వచ్చు దానిని ఈ అద్దములు ఆపగలవని యెవరును తలపరాదు. తుపాకి నోటిని ఎన్నడును మనుష్యులవైపు త్రిప్పరాదను మొదటి నియమమునకు ఏ కండ్లజోడును బదులు కాజాలదు.

రెండవ గుణము: అమరిక

ఇక ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. లోకములో కండ్లజోడు కొనువారు ఏమి చేయుదురు? దుకాణములో నిలువుటద్దము ముందు నిలిచి, మెడ నిటారుగా నుంచి, ముఖమునకు ఒప్పినదా లేదా యని చూచుకొందురు. చదువుటకును నడచుటకును అది కొంతవరకు చాలును. తుపాకి పట్టువానికి అది చాలదు. ఏలయన అతడు తుపాకి పట్టినప్పుడు నిటారుగా నుండడు.

అతని భంగిమను మనస్సున నూహింపుడు. తుపాకి మడమ భుజమున ఆనియుండును. తల కొంచెము ముందునకు వంగి, కొంచెము ప్రక్కకు తిరిగి, చెక్కిలి తుపాకి కొయ్యపై గట్టిగా ఆనియుండును. తల ముందుకు వంగినందున కన్ను పైకి చూడవలయును. ప్రక్కకు తిరిగినందున ముక్కువైపు చూడవలయును. అనగా కుడిభుజమున తుపాకి పట్టువాని కుడికన్ను అద్దము నడుమనుండి చూడదు. ముక్కునకు దాపుగానున్న పైమూలనుండి చూచును. సామాన్యమైన కండ్లజోడులో సరిగా అదే తావున చట్రపు పైయంచు అడ్డుగా నుండును. బిళ్ల ఆకసమున ఎగురుచుండగా ఆ యంచు వెనుక ఒక్క క్షణము మఱుగుపడినచో గుఱి తప్పును. అది తప్పించుకొనుటకై అలవాటులేని క్రీడాకారుడు తల పైకెత్తును; చెక్కిలి కొయ్యను విడుచును; గుండ్లు బిళ్లకు పైగా పోవును. తప్పు చేతిదని గురువు మందలించును గాని, దోషము ముక్కుపైనున్న చట్రమునది.

కావుననే ఈ క్రీడకై చేసిన కండ్లజోళ్లలో అద్దము పెద్దదిగా నుండి కనుబొమలకు పైవఱకు వచ్చును. రెండు అద్దములను కలుపు వంతెన కూడ పైకెత్తబడి యుండును. ముక్కుపై ఆను మెత్తలను వంచి, జోడును పైకి గాని క్రిందికి గాని జరుపుకొను వీలుండును. కొన్నిటిలో అద్దమునకు పైయంచున చట్రమే యుండదు. ఇవి మొదట చూచువారికి వింతగా తోచును. ముఖమునకు మించి పైకి పోయినట్లుండును. నిలువుటద్దములో అందముగా కనబడకపోవుట వీనికి దోషము కాదు.

పరీక్షించు క్రమము

అమరికను పరీక్షించుటకు మేము చెప్పు క్రమము ఇది. శిక్షకుని సమక్షమున, తుపాకి తెఱచి ఖాళీగా నున్నదని ఇద్దఱు చూచిన పిమ్మటనే ఇది చేయవలయును. దుకాణములో తుపాకి లేనిచో, పిడికిలిని భుజమున ఆనించి, తలను తుపాకి పట్టు రీతిగానే వంచి చూడవచ్చును. తుది తీర్పు మాత్రము మైదానముననే చెప్పవలయును.

మొదట కండ్లు మూసికొని, తుపాకిని భుజమునకు తెచ్చి, చెక్కిలి ఆనించి, అప్పుడు కండ్లు తెఱవవలయును. కండ్లు తెఱచి యుండగా తెచ్చినచో తల తనంతట తానే చట్రమునకు తగినట్లు సర్దుకొనును; దోషము బయటపడదు. కండ్లు తెఱచినంతనే పైయంచు గాని, ముక్కుమెత్త గాని, వంతెన గాని కనబడునా యని చూడవలయును. కనబడినచో మెత్తలను సర్ది, జోడును ఇంకను పైకి జరుపవలయును. జరిపినను కనబడినచో అది ఆ ముఖమునకు తగినది కాదు.

రెండవది, అద్దపు క్రిందియంచు చెక్కిలికి గాని తుపాకి కొయ్యకు గాని తగులునా యని చూడవలయును. కాల్చినప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఆ తాకిడి కొయ్యనుండి చట్రమునకు, చట్రమునుండి ముక్కునకు పోవును. పలుమాఱులు ఇట్లు జరిగినచో ముక్కు నొచ్చును. నొచ్చునని తెలిసిన వాడు తాకిడికి ముందే ఉలికిపడుట నేర్చును. ఒకమాఱు అట్టి యలవాటు పడినచో మాన్పుట కష్టము. చిఱునవ్వు నవ్వి చూచిన, చెక్కిళ్లు పైకి లేచి చట్రమును ఎత్తునో లేదో తెలియును.

మూడవది, కనుఱెప్పలను వేగముగా ఆడించి, వెండ్రుకలు అద్దమునకు తగులునా యని చూడవలయును. తగిలినచో అద్దము చెమ్మతో మసకబాఱును. అట్లని అద్దమును మిక్కిలి దూరముగా నుంచుటయు మంచిది కాదు. కనుబొమకును అద్దమునకును నడుమ వెడల్పైన సందు ఉన్నచో పైనుండి రాలు ముక్క అందులో దూఱగలదు. గాలి ఆడునంత సందు, ముక్క పట్టనంత సందు, ఇదియే తగిన కొలత. ప్రక్కలను గూడ అద్దము కణతవఱకు వంగి వచ్చుట మేలు.

నాలుగవది, తలను క్రిందికి వంచి అటునిటు విదలించి చూడవలయును. మన దేశపు ఎండలో చెమట పట్టుట సహజము. పొడి ముఖముపై నిలుచు జోడు తడి ముఖముపై జాఱును. జాఱిన ప్రతిమాఱును పైకి తోయుచుండువాని మనస్సు బిళ్లపై నిలువదు. ముక్కు ఎముక ఎత్తు తక్కువగా నున్నవారికి విదేశములలో చేసిన చట్రములు తఱచుగా జాఱుచుండును; అట్టివారు సర్దుటకు వీలైన మెత్తలున్న జోడునే ఎంచుకొనవలయును.

అయిదవది చాలమంది మఱచునది. ఈ క్రీడలో చెవులకు కూడ కప్పులు ధరింతురు. ఏలయన తుపాకి శబ్దము వినికిడిని శాశ్వతముగా చెఱుపగలదు. కండ్లజోడు కాడలు దళసరిగా నున్నచో, చెవికప్పు మెత్తలకును తలకును నడుమ సందు చేయును. ఆ సందున శబ్దము లోపలికి చొచ్చును. కంటిని కాపాడబోయి చెవిని పోగొట్టుకొనుట తగునా? కాడలు పలుచగాను చదునుగాను ఉండవలయును. కావున కండ్లజోడును చెవికప్పులతో కలిపియే పరీక్షింపవలయును. కనీసము పావుగంట సేపు రెండింటిని ధరించి యుండినగాని కణతలు నొచ్చునో లేదో తెలియదు.

చూపు లోపము గలవారి సంగతి

దూరపుచూపు సరిగా లేనివారు అద్దములలోనే తమ పవరును వేయించుకొనవలసియుండును. వీరి విషయమున అమరిక ఇంకను ముఖ్యము. పవరుగల ప్రతి అద్దమునకును ఒక కేంద్రము కలదు. ఆ కేంద్రమునుండి చూచినప్పుడు వస్తువు ఉన్నచోటనే కనబడును. ప్రక్కనుండి చూచినప్పుడు అద్దము పట్టకమువలె పనిచేసి వస్తువును జరిపి చూపును. ఎంత జరుపుననుటకు సులభమైన లెక్క కలదు. కేంద్రమునుండి ఎన్ని సెంటీమీటర్లు తప్పి చూచుచున్నామో దానిని పవరుచే గుణింపవలయును. వచ్చిన సంఖ్య ఎంతయో, ఒక మీటరు దూరమున వస్తువు అన్ని సెంటీమీటర్లు జరిగినట్లు కనబడును. ఉదాహరణమునకు 4 డయాప్టర్ల పవరుగల అద్దములో 1 సెంటీమీటరు తప్పి చూచినచో మీటరునకు 4 సెంటీమీటర్లు, 30 మీటర్ల దూరమున నున్న బిళ్ల విషయమున 120 సెంటీమీటర్లు అగును.

ఈ సంఖ్యను చూచి గుండ్లు నాలుగడుగుల దూరముగా పోవునని భయపడ నక్కఱలేదు. తుపాకి మొనయు బిళ్లయు అద్దములోని ఒకే తావునుండి కనబడుచున్నవి. కావున రెండును సమముగానే జరుగును. చిక్కు వేఱొకటి. తల ప్రక్కకు తిరిగి యున్నందున రెండు కండ్లును తమ తమ అద్దములలో వేఱువేఱు తావులనుండి చూచును. రెండు కండ్లకు రెండు విధములుగా జరిగిన దృశ్యములను మెదడు ఒకటిగా కూర్పవలసివచ్చును. దానివలన కండ్లకు బడలిక, తలనొప్పి, కొన్ని సమయములందు ఒకటి రెండుగా కనబడుట కలుగును. అంచులవైపు దృశ్యము కొంత వంకరగాను, రంగుల అంచులతోను కనబడును. పాలీకార్బొనేటులో ఈ రంగుల అంచు ఇతర పదార్థములకంటె హెచ్చు. కావున పవరు వేయించువారు కంటివైద్యునకు తమ భంగిమను చూపి, ఆ భంగిమలో కన్ను అద్దమున ఏ తావునుండి చూచునో గుఱుతు పెట్టించి, కేంద్రమును అచటికి దగ్గఱగా నుంచుమని కోరవలయును. ట్రైవెక్స్ అను మఱియొక పదార్థము 2001 ప్రాంతమున వచ్చినది. అదియు దెబ్బకు ఓర్చునది, రంగుల అంచు తక్కువగా కలది. పవరు ఎక్కువగా నున్నవారు దానిని గూర్చి అడిగి చూడవచ్చును.

చదువుటకును దూరమునకును కలిపి ఒకే అద్దమున పవరు మాఱుచుండు జోళ్లను నడివయస్సువారు ధరింతురు. అవి ఇంటికి మంచివే గాని ఈ క్రీడకు తగవు. కన్ను కదలినప్పుడెల్ల పవరు మాఱును. దూరమునకు మాత్రమే యుద్దేశింపబడిన ఒకే పవరు అద్దము మేలు.

మఱియు ప్రతి మనుష్యునికి చేతులలో నొకటి వాటమైనట్లే కండ్లలోను ఒకటి ప్రధానముగా నుండును. రెండు చేతులును చాచి, వ్రేళ్ల నడుమ చిన్న రంధ్రము చేసి, దూరపు వస్తువును దానిలోనుండి చూచుచు, చేతులను మెల్లగా ముఖమునకు తెచ్చుకొనుడు. రంధ్రము ఏ కంటి యెదుటికి వచ్చునో అదియే ప్రధానమైనది. కుడిభుజమున తుపాకి పట్టువానికి ఎడమకన్ను ప్రధానమైనచో గుఱి తికమకపడును. అట్టివారికి శిక్షకులు ఎడమ అద్దముపై చిన్న మసకబిళ్లను అంటింతురు. జోడు జాఱుచుండినచో ఆ బిళ్లయు తావు తప్పును. చేసిన చికిత్స వ్యర్థమగును. ఇచటను అమరికయే ఆధారము.

కడపటి గుణము: రంగు

ఇప్పుడు పిల్లలు మొదట అడిగిన రంగుల సంగతికి వచ్చుచున్నాము. రంగుటద్దము దృశ్యమునకు ఏ వెలుగును చేర్చదు. కొంత వెలుగును తీసివేయును. ఏది తీసివేసిన బిళ్ల స్పష్టముగా కనబడునో అదియే ఎన్నికలోని మర్మము. బిళ్లలు పెక్కుచోట్ల నారింజరంగువి. వెనుక పచ్చని చెట్లున్నచో, పచ్చదనమును తగ్గించు ఊదారంగు అద్దము చెట్లను మసకపఱచి బిళ్లను ఎత్తి చూపును. మబ్బు పట్టిన దినమున నీలి వెలుగును ఆపు పసుపు అద్దము దృశ్యము పదునెక్కినట్లు తోపించును. సిందూరపు రంగు, నారింజ రంగు అద్దములు బిళ్ల రంగును ప్రకాశింపజేయును. మండుటెండలో బూడిదరంగు అద్దము రంగులను మార్చక వెలుగును మాత్రము తగ్గించును. సంధ్యవేళకు రంగులేనిదే మంచిది.

అవసరమునకు మించి నల్లని అద్దము వాడుట తప్పు. వెలుగు తగ్గినకొలది కంటిపాప విప్పారును; విప్పారినకొలది కంటిలోని చిన్న లోపములు బయటపడి చూపు పదును తగ్గును. కండ్లు చికిలింపకుండ చూడగలిగినంత లేతరంగు చాలును. ఎఱుపు ఆకుపచ్చల భేదము సరిగా తెలియని కండ్లు పురుషులలో కొందఱికి పుట్టుకతోనే యుండును. అట్టివారికి ఇతరులు మెచ్చిన రంగు పనిచేయకపోవచ్చును. వారు మైదానమున స్వయముగా చూచియే ఎంచుకొనవలయును. అద్దములను మార్చుకొనుటకు వీలైన చట్రమును కొని, మొదట రంగులేనిది ఒకటి, లేతరంగుది ఒకటి మాత్రము ఉంచుకొనుట మితవ్యయము.

కాపాడుకొనుట

పాలీకార్బొనేటు దెబ్బకు గట్టిది గాని గీతకు మెత్తనిది. దుమ్ముపడిన అద్దమును చొక్కా చెఱగుతో తుడుచుట దానిని ఇసుకతో తోముటయే. ముందు నీటితో కడిగి, పిమ్మట మెత్తని బట్టతో అద్దవలయును. గోళ్లరంగు చెఱుపుటకు వాడు అసిటోను వంటి ద్రవములు తగిలినచో అద్దము పాడగును. లోతైన గీతలు పడిన అద్దమును, ఒకమాఱు గట్టి దెబ్బ తిన్న అద్దమును, పైకి బాగుగా కనబడినను మార్చివేయవలయును. ఎదుగు పిల్లల ముఖములు ఏటేట మాఱును. నిరుడు సరిపోయిన జోడును ఈ యేడు మరల పరీక్షింపక వాడరాదు. పెద్దల జోడును దారముతో బిగించి పిల్లలకు పెట్టుట కాపుదల కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ ఈ క్రీడ నేర్చుకొనగోరినచో, ఖర్చు పెట్టు వరుసను మఱువకుడు. మొదట పరీక్ష గుఱుతు, తరువాత అమరిక, అటుపిమ్మట పవరు, చివరకు రంగు. వెల తక్కువైన జోడైనను గుఱుతు కలిగి, ముఖమునకు సరిగా అమరినచో, వెల యెక్కువై జాఱిపోవు జోడుకంటె వెయ్యిరెట్లు మేలు.

విద్యార్థులారా, మీలో పెక్కుమంది తుపాకిని ఎన్నడును పట్టకపోవచ్చును. కాని రసాయనశాలలో ఆమ్లము కాచునప్పుడు, కార్ఖానాలో ఇనుము సానబట్టునప్పుడు, పొలములో మందు చల్లునప్పుడు మీ కంటికి కాపు కావలసియుండును. అప్పుడు నిలువుటద్దము ముందు నిలిచి ఎంచుకొనకుడు. పనిచేయు భంగిమలో వంగి, తిరిగి, చెమటపట్టి చూచి ఎంచుకొనుడు. ఎంచుకొన్నదానిని పెట్టెలో దాచక, పని మొదలిడకముందే ధరింపుడు.